నా అనుభవం: ఈనమ్ మధ్యలో ఒక్క పేరు చేర్చాక

రుషికొండ ఐటీ హిల్ మీద చిన్న ఆఫీసు మాది, లారీ లోడ్లు ట్రాక్ చేసే సాఫ్ట్‌వేర్ మీద పని. నేను చేరేసరికి జావా కోడ్ నిండా స్టేటస్ 2 అయితే ఇది, 3 అయితే అది అని ఉండేది, 3 అంటే ఏంటని పాతోళ్ళని అడిగితే వాళ్ళు ఎక్సెల్ షీట్ తెరిచి చూసి చెప్పేవారు. ఎవరైనా పొరపాటున 7 పంపినా, కోడ్‌ని సరిచూసి నడిచేలా మార్చే కంపైలర్ ఏమీ అనదు, దానికది ఒక అంకె అంతే. ఈనమ్ (enum) అంటే ఒక విలువ ఏమేం అవ్వచ్చో పేర్ల జాబితాగా ముందే రాసిపెట్టుకోవడం, అది జావా 5తో 2004లోనే వచ్చింది, ఇన్నేళ్ళూ ఎందుకు వాడలేదో నాకు అర్థం కాలేదు.

రెండు వారాలు కూర్చుని అన్నీ ఈనమ్‌లోకి మార్చా. బుకింగ్, లోడింగ్, బయల్దేరింది, డెలివరీ, ఈ నాలుగే, ఇంకోటి రాస్తే కంపైలే అవ్వదు. మారుస్తుంటే రెండు చోట్ల తప్పు నంబర్లు బయటపడ్డాయి, అప్పుడైతే భలే సంతోషమేసింది.

డేటాబేస్‌లో మాత్రం నంబర్ కాలమే ఉంచేశా. జావా డేటాని డేటాబేస్‌లో దాచిపెట్టే జేపీఏ, మనం వేరేగా చెప్పకపోతే, ఈనమ్ పేరు కాకుండా దాని వరస నంబరే సేవ్ చేస్తుంది, సున్నా నుంచి. పాతవీ 0 నుంచి 3 వరకే కాబట్టి సరిపోయిందనుకున్నా.

కొన్నాళ్ళకి లోడింగ్ తర్వాత గేట్ వెయిటింగ్ కావాలన్నారు. చదవడానికి బాగుంటుందని సరిగ్గా మధ్యలో పెట్టా, పొద్దున్న పదింటికి లైవ్ చేశాం. మధ్యాహ్నం గాజువాక నుంచి సూపర్‌వైజర్ గారి ఫోన్. "ఏటి బాబూ, మొన్న అనకాపల్లిలో దించేసిన లోడు ఇంకా రోడ్డు మీదుందని చూపిస్తంది?" ఆ మాటతోనే అర్థమైపోయింది, డెలివరీ 4కి జరిగింది, పాత 3లన్నీ ఇప్పుడు బయల్దేరింది అయిపోయాయి.

వెంటనే పాత వెర్షన్ పెట్టేద్దామంటే పదింటి తర్వాత సేవ్ అయినవి కొత్త లెక్కలో ఉన్నాయి కదా, అందుకే అప్‌డేట్ టైమ్ చూసి పదికి ముందువి ఒక లెక్క, తర్వాతవి ఇంకో లెక్క అని విడదీసి, కొత్త టెక్స్ట్ కాలమ్‌లో పేర్లు నింపేసరికి రాత్రి తొమ్మిదైంది. పేరు సేవ్ చేసినా ఒక చిక్కుంది, రేపు కోడ్‌లో పేరు మారిస్తే పాత రికార్డులు చదవడం కుదరదు. అందుకని ఒక్కో స్టేటస్‌కీ విడిగా ఎప్పటికీ మారని చిన్న గుర్తు ఇచ్చి, ఆ గుర్తుని ఈనమ్‌గా, ఈనమ్‌ని గుర్తుగా మార్చే కన్వర్టర్ మధ్యలో రాశా.

తర్వాత రిటర్న్ లోడ్ అని ఇంకోటి అడిగారు, అదీ మధ్యలోనే పెట్టా, ఈసారి ఏ రికార్డూ కదల్లేదు.