తుపాకి మంచిగనే ఉన్నదట

ఫైరింగ్ ప్రాక్టీసుల నా గ్లాక్ 17 పిస్టల్ నాలుగో రౌండుకే ఆగింది. చూస్తే ఎంప్టీ కేసు, అంటే పేలినంక మిగిలే ఖాళీ డొప్ప, స్లైడు (పిస్టల్ మీద ఎనకకు ముందుకు జరిగే భాగం) నడుమ ఇరికి తులసికోటల అగరుబత్తి లెక్క నిలవడ్డది.

నేనైతే స్ప్రింగు పోయిందనుకున్న. కాల్చుడు నేర్పే ఉస్తాద్ ఏమనకుంట తీస్కొని, కేసు దులిపి, అదే మ్యాగజైన్ల మిగిలినయన్నీ టపటపా కాల్చి "తుపాకి మంచిగనే ఉన్నది బిడ్డా, నీ మణికట్టే మెత్తగున్నది" అన్నడు. పక్క లైనోళ్లు నవ్వుడు వేరే.

ముచ్చటేందంటే పేలంగనే స్లైడు ఎనకకు పోతది గద, అది పూర్తిగ పోవాల్నంటే కింద ఫ్రేమ్, అంటే మనం చేతిల పట్టే భాగం, గట్టిగ నిలవాలె, నా చెయ్యి గుడ దాంతోపాటే ఎనకకు పోతే ఊపు సగంలనే సచ్చిపోయి కేసును బయటికి నూకదు. గ్లాక్ 17 ఫ్రేమ్ ప్లాస్టిక్‌ది, అల్కగుంటది, చెయ్యి వదులైతే జల్ది దొరికిపోతం. ఇంతకుముందు పట్టిన ఇషాపూర్ ఫ్యాక్టరీ 9 ఎంఎం పిస్టల్, అదే 1935 నాటి బ్రౌనింగ్ హై-పవర్ నకలు, మొత్తం ఉక్కు, దాని బరువే నా తప్పులు కప్పేసింది ఇన్నొద్దులు. రివాల్వర్‌కు ఈ లొల్లే లేదు, గుండ్లుండే సిలిండర్ తిరిగేది ట్రిగర్ గుంజుడుతోని.

చెయ్యి పైకి జరిపి బిగవట్టి కాల్చిన, పది సాఫ్‌గ పోయినయి.

ఇప్పుడు కాజీపేట బస్సుల రాడ్ పట్టుకుంటె గుడ మణికట్టు గుంజుతాంది.