స్టేషన్‌కి పిలిచారు సరే, కస్టడీ ఏ నిమిషం నుంచి?

"ఊరికే మాట్లాడదాం, ఒకసారి స్టేషన్‌కి రండి" అని ఫోన్ వస్తుంది. పొద్దున వెళ్లిన మనిషి రాత్రికీ ఇంటికి రాడు. మర్నాడు సాయంత్రం అరెస్టు చూపిస్తారు. ఆ మధ్య గంటలు ఏ కాగితంలోనూ ఉండవు. ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం, బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 58వ సెక్షన్ చెబుతున్నాయి. అందుకే ఆ గంటలు మాయం చేస్తారు. ఇది అన్యాయం, చట్టవిరుద్ధం కూడా.

లాకప్‌లో వేస్తేనే కస్టడీ అనుకోవద్దు. లేచి వెళ్తానంటే వెళ్లనిస్తారా అన్నదే అసలు పరీక్ష. ఫోన్ లాక్కున్నా, బాత్రూంకి కూడా కానిస్టేబుల్ వెంట వస్తున్నా, ఇంటివాళ్లను గేటు దగ్గరే ఆపేసినా అవి కస్టడీ గుర్తులే. కదలనివ్వకుండా ఆపిన క్షణమే అరెస్టు మొదలైనట్టని, పోలీసులు రాసుకున్న టైముతో అది మారదని బాంబే హైకోర్టు 1990లోనే చెప్పింది. బీఎన్‌ఎస్‌ఎస్ 43వ సెక్షన్ ప్రకారం మాటతోనో చేతతోనో లొంగిపోయినవాడి ఒంటిమీద చెయ్యి కూడా వేయనక్కర్లేదు.

ఫోన్ వస్తే లిఖిత నోటీసు అడగండి. సాక్షికైతే బీఎన్‌ఎస్‌ఎస్ 179వ సెక్షన్ కింద, అనుమానితుడికైతే 35(3) కింద, అంటే పాత సీఆర్‌పీసీలోని 41ఏ. 35 నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. సాక్షులుగా పిలిచినప్పుడు ఆడవాళ్లు, 15 ఏళ్లలోపు మగపిల్లలు, 60 దాటిన మగవాళ్లు, వికలాంగులు, తీవ్ర జబ్బుతో ఉన్నవాళ్లు స్టేషన్‌కి వెళ్లనక్కర్లేదు. పోలీసులే ఇంటికి రావాలి.

లోపలికి అడుగుపెట్టే ముందే ఇంటికీ వకీలుకీ మెసేజ్ పెట్టండి, దానిమీద టైము పడుతుంది. మీమీదే కేసుకు దారితీసే ప్రశ్నకు జవాబు చెప్పనక్కర్లేదు. వాంగ్మూలం రాసుకుంటే దానిమీద సంతకం పెట్టనక్కర్లేదు. అరెస్టు మెమో (అరెస్టు వివరాలు రాసే కాగితం) మీద మాత్రం సంతకం అడుగుతారు. అందులో టైము తప్పుగా ఉంటే, సంతకం పక్కనే అసలు టైము మీ చేత్తో రాయండి. చాలామంది ఇక్కడే భయపడి ఊరుకుంటారు, తర్వాత ఆ కాగితమే వాళ్లకు ఎదురు తిరుగుతుంది.

రాత్రయినా వదలకపోతే ఇంటివాళ్లు ఎస్పీకో కమిషనర్‌కో ఈమెయిల్ పంపాలి, వకీలు ద్వారా హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే పిటిషన్) వేయొచ్చు. సీసీటీవీ ఫుటేజీ భద్రపరచమని వెంటనే రాతపూర్వకంగా కోరండి. స్టేషన్లలో దాన్ని కనీసం ఏడాది ఉంచాలని 2020 సుప్రీంకోర్టు తీర్పు. రిమాండ్‌కి తీసుకెళ్లినప్పుడు మేజిస్ట్రేట్ అడిగినా అడగకపోయినా, స్టేషన్‌కి తెచ్చిన రోజు, టైము చెప్పి, రికార్డు చేయమనండి.