పసుపు రాస్ పడుకునే వేళ

మా అక్వేరియం ట్యాంకులో లైట్లు ఎనిమిదింటికి ఆరిపోతాయి. ఎల్లో రాస్ అనే మా పసుపు చేప అంతవరకూ ఆగదు. అరగంట ముందే ఎడమ మూల రాయి పక్కకు వచ్చి, ఇసుక మీద రెండు మూడు చుట్లు తిరిగి, తల వంచి తోక గట్టిగా ఆడించి లోపలికి దూరిపోతుంది. లేచిన ఇసుక సర్దుకున్నాక అక్కడ చేప ఉందన్న ఆనవాలే ఉండదు. క్లౌన్ ఫిష్‌లు మాత్రం ఇంకా మేత కోసం అద్దం దగ్గరే తచ్చాడుతుంటాయి.

దీని శాస్త్రీయ నామం హాలికోయిరిస్ క్రైసస్. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ వైపు పగడపు దిబ్బల అంచుల్లో ఉంటుంది. 12 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది.

తెచ్చి వదిలిన వెంటనే ఇసుకలోకి వెళ్లి కొన్నాళ్లు బయటికే రాలేదు. అమ్మకు ఒకటే టెన్షన్. "ఒరే, అది లోపలే పోయిందేమో, ఓసారి తవ్వి చూడరా" అనేది. నేను తవ్వలేదు, ఎవరినీ తవ్వనివ్వలేదు. కొత్త చోట భయపడ్డ రాస్ అలా రోజుల తరబడి దాక్కోవడం మామూలే. చెయ్యి పెట్టి కెలికితే బెదిరి పైకి ఎగురుతుంది, లేదా రాళ్లకు కొట్టుకుని గాయపడుతుంది. ట్యాంకు మీద వల మూత తప్పనిసరి అనేది కూడా ఇందుకే.

బయటికి వచ్చాక నన్ను బాగా ఆకట్టుకున్నది దాని గడియారం. చాలా రోజులు మధ్యాహ్నం నాలుగింటికే పడుకునేది. బాలి నుంచి వచ్చిన చేప అని దుకాణంలో చెప్పారు. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు ముందు. హైదరాబాద్‌లో నాలుగైతే బాలిలో ఆరున్నర, పొద్దుగూకే వేళ. విమానంలో ఇంత దూరం వచ్చినా అది తన ఊరి పొద్దునే పాటించింది. తర్వాత కొంచెం కొంచెంగా మా లైట్ల వేళకు అలవాటుపడింది.

రాస్ చేపల్లో అన్ని రకాలూ ఇసుకలో పడుకోవు. ఫెయిరీ రాస్ రాళ్ల సందులో చేరి, ఒంటి చుట్టూ జిగురు పొర కట్టుకుంటుంది. చిలుక చేపల్లోనూ కొన్ని రకాలు ఇలాంటి పొరలోనే నిద్రపోతాయి. 2010లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ పొరను మెల్లగా తీసేసి చూస్తే, రక్తం పీల్చే చిన్న పురుగులు పొర లేని చేపలనే ఎక్కువగా పట్టాయి. అంటే ఆ పొర చేపలకు దోమతెర.

ఎల్లో రాస్‌కు ఆ పని ఇసుకే చేయాలి. అందుకే ఈ విషయంలో నేను మొహమాటపడను. ఇసుక వేయలేనివాళ్లు ఈ చేపను కొనకూడదు. శుభ్రం చేయడం తేలికని అడుగు ఖాళీగా ఉంచే ట్యాంకులు ఇప్పుడు ఎక్కువయ్యాయి. అలాంటి చోట బెదిరినప్పుడల్లా ఇది ఇసుక ఉందనుకుని అద్దానికి మూతి కొట్టుకుంటుంది. గరుకుగా ఉండే పగడపు ముక్కలు పోసినా లాభం లేదు, ఒళ్లు గీరుకుపోతుంది. సన్నటి అరగొనైట్ (ఒక రకం సున్నపు ఖనిజం) ఇసుక ఐదు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల మందాన ఉంటే చాలు. రాళ్లను మాత్రం ఇసుక మీద కాకుండా ముందే అడుగు అద్దం మీద ఆనించాలి. చేప కింద తవ్వినప్పుడు రాయి ఒరిగితే దాని మీదే పడుతుంది. ఇసుక శుభ్రం చేయాలంటే నేను పగలే, అది పైన తిరుగుతున్నప్పుడే పైపు పెడతాను.

కొత్త చేపను కొన్నాళ్లు విడిగా ఉంచే క్వారంటైన్ ట్యాంకులో ఇసుక పరచం కదా, మరి అప్పుడెలా అని కొందరు అడిగారు. ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బా బాగా కడిగి, నిండా సన్న ఇసుక పోసి ఒక మూల పెట్టండి. చేపే వెతుక్కుని వెళ్తుంది. దుకాణాల వాళ్లను కూడా నేను ఇదే అడుగుతుంటాను. ఖాళీ తొట్టెలో మూలకు నక్కి ఉన్న రాస్‌ను చూస్తే మనసు చివుక్కుమంటుంది. అమ్ముడుపోయేదాకానైనా తొట్టెకో డబ్బా ఇసుక పెట్టండి, పెద్ద ఖర్చేం కాదు.