ఎండెక్కితే తెగిపోయే బ్లూటూత్

అనంతపురం జిల్లాలో నార్పల వైపు ఒక చీనీ తోటలో డ్రిప్పు వాల్వులను తెరిచి మూసే చిన్న పరికరాలు పెట్టాము. ఒక్కో వాల్వు దగ్గర నేలలోని తేమను కొలిచే సెన్సరు, బ్లూటూత్ రేడియో ఉన్న ఎన్‌ఆర్‌ఎఫ్52 చిప్పు, బ్యాటరీ ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. బోరు స్టార్టరు ఉన్న గదిలో కరెంటుతో నడిచే రిసీవరు ఉంటుంది. రెండింటి మధ్య మాటలు తక్కువ కరెంటుతో నడిచే ‘బ్లూటూత్ లో ఎనర్జీ’ పద్ధతిలో సాగుతాయి. తేమ లెక్క ఒక్కటే పంపాలంటే కనెక్షన్ అక్కరలేదు, ఎవరైనా వినగలిగే 31 బైట్ల అడ్వర్టైజింగ్ ప్యాకెట్టులో పెట్టి గాలిలోకి వదిలితే చాలు. కానీ వాల్వుకు ఇచ్చిన ఆజ్ఞ చేరిందో లేదో ఖాయంగా తెలియాలి గనుక కనెక్షన్‌ను పొద్దస్తమానం నిలిపి ఉంచవలసి వచ్చింది.

బ్యాటరీ ఎక్కువకాలం రావాలని కనెక్షన్ ఇంటర్వల్‌ను 1 సెకనుగా, లేటెన్సీని 9గా పెట్టాము. అంటే రిసీవరు ప్రతి సెకనుకూ పలకరిస్తుంది, చెప్పవలసిందేమీ లేకపోతే డబ్బా తొమ్మిది పలకరింపులను వదిలేసి పదోదానికి మేలుకుంటుంది. వాల్వు పది సెకన్లు ఆలస్యంగా తెరుచుకున్నంత మాత్రాన చెట్టు ఎండిపోదు. ఈ లెక్కకు సూపర్‌విజన్ టైమౌట్, అంటే అవతలి నుంచి ఏమీ వినపడకపోతే కనెక్షన్ తెగినట్టే అనుకునే గడువు, 20 సెకన్లకు మించి ఉండాలి. బ్లూటూత్ నిబంధనల్లో అనుమతించిన గరిష్ఠం 32 సెకన్లు కాబట్టి అదే పెట్టాము.

అనంతపురంలో ఇంటి బల్ల మీద ఇది రోజుల తరబడి తెగకుండా నడిచింది. తోటలో మాత్రం రైతు ఒకే మాట చెబుతూ వచ్చాడు: “పొద్దన బాగనే పలుకుతాదప్పా, మద్యాన్నమైతే మూగదైపోతాది. పొద్దు వాలితే మళ్లీ దాని పాటికి అదే వస్తాది.” ఇంతకన్నా మంచి బగ్ రిపోర్టు నాకు ఏ ఇంజనీరు దగ్గరా దొరకలేదు. ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో, మనిషి చెయ్యి పడకుండానే వస్తుందన్న సంగతీ అందులోనే ఉన్నాయి.

ముందుగా అనుమానం మోటారు మీదికే పోయింది. వ్యవసాయానికి కరెంటు పగటిపూటే వస్తుంది, మోటారు అప్పుడే నడుస్తుంది, కనెక్షన్ కూడా అప్పుడే పోతుంది. అయితే కరెంటు రాని రోజున రిసీవరును బ్యాటరీ మీద నడిపి చూస్తే అప్పుడూ మధ్యాహ్నానికి తెగింది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీళ్లు పీల్చుకుంటాయి, గుబురుగా పెరిగిన చీనీ ఆకు అడ్డం వస్తే సిగ్నలు తగ్గేమాట నిజమే. కానీ ఉదయానికీ మధ్యాహ్నానికీ ఆకు మారదు, సిగ్నలు బలం అంకెలు కూడా మారలేదు. కనెక్షన్ తెగినప్పుడు చిప్పు చెప్పే కారణం ప్రతిసారీ హెక్సాలో (16 ఆధారంగా రాసే అంకెల్లో) 08. అవతలివాళ్లు కావాలని తెంచితే 13 వస్తుంది. 08 వచ్చిందంటే నిర్ణీత సమయంలో అవతలి నుంచి ఒక్క ప్యాకెట్టూ వినపడలేదని అర్థం.

ఇలాంటి చోట డీబగ్గరుతో బ్రేక్‌పాయింట్ పెట్టి ప్రోగ్రామును మధ్యలో ఆపి చూడడం నా దృష్టిలో దండగ పని. ప్రాసెసరు ఆగినంతసేపూ ఎదుటివాడి గడియారం ఆగదు. పలకరింపులు దాటిపోతాయి, టైమౌట్ అవుతుంది, మళ్లీ అదే 08 కనిపిస్తుంది. అది తోటలో వచ్చిన 08 కాదు, మనం పుట్టించిన 08. సీరియల్ పోర్టులో లాగ్ (ఏం జరిగిందో చెప్పే చిట్టా) రాయడమూ అంత నిరపాయం కాదు. సెకనుకు 115200 బిట్ల వేగంతో 40 అక్షరాల వాక్యం వెళ్లడానికి దాదాపు మూడున్నర మిల్లీసెకండ్లు పడుతుంది, బ్లూటూత్‌లో ఒక ప్యాకెట్టుకూ దాని జవాబుకూ మధ్య ఉండే విరామం 150 మైక్రోసెకండ్లు మాత్రమే. అందుకని లాగ్‌ను మెమరీలోనే దాచుకుని, రేడియో మేలుకున్నప్పుడల్లా చిప్పు పిన్నొకదాని వోల్టేజీని పైకెత్తి దించేలా చేసి, అది ఎప్పుడు లేచి దిగిందో నమోదు చేసే లాజిక్ అనలైజరును ఆ పిన్నుకు తగిలించాము. పక్కనే గాలిలోని ప్యాకెట్లను చాటుగా వినే స్నిఫరు పెట్టి, అది పట్టిన ప్యాకెట్లను కంప్యూటరు ప్రోగ్రామైన వైర్‌షార్క్‌లో చూశాము. స్నిఫరుకు ఒక పట్టింపు ఉంది, కనెక్షన్ మొదలయ్యే ప్యాకెట్టు చిక్కితేనే ఆ తర్వాత కనెక్షన్ ఒక చానలు నుంచి మరో చానలుకు వేసే గెంతులను అది వెంబడించగలదు. ఎన్‌క్రిప్షన్ ఉంటే సారం చదవలేము గానీ, ఎవరు ఎప్పుడు మాట్లాడారన్నది మాత్రం కనిపిస్తూనే ఉంటుంది. మాకు కావలసిందీ అదే.

గాలిలో కనిపించింది ఇది: రిసీవరు సెకను సెకనుకూ పలకరిస్తూనే ఉంది, డబ్బా నుంచి జవాబు లేదు. పిన్ను చూస్తే డబ్బా నిద్రపోలేదు, మేలుకుంటూనే ఉంది, కాకపోతే ఆలస్యంగా.

నిద్రలో కాలాన్ని లెక్కపెట్టేది 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్. దాని మీద రాసి ఉండే 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతుల) తేడా 25 డిగ్రీల దగ్గరి మాట. ఆ వేడికి అటు గానీ ఇటు గానీ జరిగితే అది నెమ్మదిస్తుంది, డిగ్రీల తేడాను వర్గం చేసి 0.034తో గుణిస్తే ఎన్ని పీపీఎం నెమ్మదించిందో వస్తుంది. ఎండలో బూడిదరంగు డబ్బా లోపల చిప్పులోని థర్మామీటరు 65 డిగ్రీలు చూపింది. తేడా 40, దాని వర్గం 1600, అంటే 54 పీపీఎం. పది సెకన్ల నిద్రకు 540 మైక్రోసెకండ్ల ఆలస్యం. ఇరువైపులా 20 పీపీఎం అని ప్రకటించారు గనుక డబ్బా పది సెకన్లకు 400, దానికి గడియారపు చిన్న కుదుపుల కోసం మరో 16 కలిపి 416 మైక్రోసెకండ్లు మాత్రమే ముందుగా చెవి ఒగ్గుతుంది. రిసీవరు గడియారం కచ్చితంగా ఉందనుకున్నా, డబ్బా వినడం మొదలుపెట్టేసరికి ప్యాకెట్టు మొదలై 124 మైక్రోసెకండ్లు గడిచిపోయి ఉంటాయి. ఖాళీ ప్యాకెట్టు 80 మైక్రోసెకండ్లలోనే అయిపోతుంది. వినపడకపోతే డబ్బా తర్వాతి సెకనుకు మళ్లీ ప్రయత్నిస్తుంది. వినే కిటికీ కొంత పెరుగుతుంది, ఆలస్యం అంతకన్నా ఎక్కువ పెరుగుతుంది. అలా 32 సెకన్లూ గడిచిపోతాయి. రాత్రి 15 డిగ్రీల చలికి వచ్చే తేడా మూడున్నర పీపీఎం లోపే కాబట్టి చీకట్లో ఎప్పుడూ తెగలేదు.

మార్పు ఫర్మ్‌వేర్‌లో ఒక్క వరుస: డబ్బా తన గడియారం తేడాను 100 పీపీఎంగా భావించుకోవాలి. అప్పుడు అది ప్రతి సెకనూ కాదు, పది సెకన్లకొకసారి 800 మైక్రోసెకండ్లు అదనంగా వింటుంది. రేడియో వినేటప్పుడు 5 మిల్లీఆంపులకు కాస్త పైన తీసుకున్నా, సగటున అర మైక్రోఆంపు భారం కూడా పడదు. డబ్బాలకు తెల్లరంగు వేయించి చెట్టు నీడన, మోకాలెత్తున బిగించాము కూడా, అయితే రంగు వెలిసిపోతుంది గనుక దాన్ని నమ్ముకుని లెక్కలు వేయలేదు.

ఇప్పుడు కొత్త బోర్డు ఏది వచ్చినా అట్టపెట్టెలో పాత ఫిలమెంటు బల్బు వెలిగించి, లోపల 65 డిగ్రీలు తాకేదాకా ఉంచి, పిన్ను మీద పది సెకన్ల విరామం ఎంత సాగిందో అనలైజరులో కొలుస్తున్నాము. క్రిస్టల్ లేకుండా చిప్పులోని ఆర్‌సీ ఆసిలేటరు మీదే నడిచే చవక బోర్డులను మాత్రం పెట్టెలో పెట్టకుండానే వెనక్కి పంపుతున్నాము. ఎప్పటికప్పుడు సరిచూసుకుంటూ ఉన్నా వాటి తేడా 500 పీపీఎం దాకా ఉంటుంది, అంత వెడల్పు కిటికీ తెరిచి ఇంత పొడవు నిద్రపోవడం మా బ్యాటరీకి గిట్టదు.