పబ్బుకి 371 మంది ఓనర్లు

"నీ మొహం చాల్లే బావా, ఫోన్ అటు తిప్పు, ఆ ఫిడేలాయన కనపడాల!"

తిరుపతిలో రాత్రి ఎనిమిది. లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతూ లండన్ పబ్బులో కచేరీ చూస్తున్నా. అక్కడింకా ఆదివారం మధ్యాహ్నమే. ఫిడేలాయన బీరు గ్లాసు కాలి పక్కనే పెట్టుకున్నాడు. ఆయన తాళం వేసినప్పుడల్లా చెక్క నేల అదిరి, గ్లాసులో నురగ వణుకుతోంది. తన్నేస్తాడేమోనని నాకే టెన్షన్. ఊహూఁ, చుక్క ఒలకలేదు.

పబ్బు పేరు ఐవీ హౌస్, నన్‌హెడ్ అనే పేటలో. 2012లో మూతపడి, అమ్మకానికి వెళ్తుంటే పేటవాళ్లు అడ్డం తిరిగారట. షేర్లు వేసుకుని 2013లో వాళ్లే నడపడం మొదలుపెట్టారు. 371 మంది వాటాదార్లు. ఎంత పెట్టినా మనిషికి ఒకటే ఓటు.

పక్కనే వింటున్న టీ మాస్టర్‌కి అసలు డౌటొచ్చింది. "అంతమంది ఓనర్లయితే అప్పు ఎవురినడగాల నా?"

పిల్లల్ని ఒళ్లో కూచోబెట్టుకుని బీరు తాగుతున్నారు అక్కడ. మన దగ్గర వైన్ షాపు నుంచి తల దించుకునే బయటికొస్తాం. ఆ తేడా సంగతి అలా ఉంచితే, అందరిదీ అయిన పాటల చోటు మాకూ ఉంది. చిత్తూరు పక్కన మా ఊరి భజన గుడి. చందాలతో కొన్న హార్మోనియం, తిత్తి చిరిగి మూల పడుంది. అందరిదీ కాబట్టి ఎవరూ ముట్టుకోరు!

బాగు చేయిద్దామంటే బావ వెంటనే చందా రాసుకోమన్నాడు. పౌండ్లలో రాసుకున్నా.