పాపను గుండెకు కట్టుకోవడానికి పడ్డ పాట్లు – నా అనుభవం

మా పాప నిన్ననే ఇంటికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

నెల ముందే కాన్పు, సిజేరియన్. పాప బరువు 1,700 గ్రాములు. ప్రభుత్వాసుపత్రిలోనే పసిపిల్లల ప్రత్యేక వార్డులో పెట్టారు. కాగితాలు, మందులు అన్నీ సాఫీగానే అయ్యాయి.

కంగారూ మదర్ కేర్ ఇవ్వాలన్నారు డాక్టరమ్మ. డైపర్, టోపీ, సాక్సులు తప్ప ఏమీ లేకుండా బిడ్డను ఒంటికి ఆనించి, తల ఓ పక్కకి తిప్పి, నిటారుగా గుడ్డతో కట్టుకోవాలి. రోజుకు కనీసం 8 గంటలు. కుట్ల నొప్పితో మా ఆవిడ అంతసేపు కూర్చోలేదు. నేను కూర్చుంటానన్నా.

అంతే! డ్యూటీ సిస్టర్ ఎగాదిగా చూసి, "నీకేమైనా పాలొస్తాయా?" అంది. బాలింతలు, వాళ్ల అమ్మలు అంతా పకపకా నవ్వారు. సెక్యూరిటీ అతనైతే రెక్క పట్టుకుని బయటికి నడిపించాడు. ఆ గుమ్మం పక్కనే పోస్టర్, అందులో బిడ్డను ఎదకు కట్టుకున్న తండ్రి బొమ్మ! బయట మా అత్తగారు ఇంకో పక్క: "పురుడైనా వెళ్లలేదు, చొక్కా విప్పుకుని కూర్చుంటారా అల్లుడుగారూ, నలుగురూ ఏమనుకుంటారు?" ఇరవై నాలుగేళ్లకి తండ్రినైతే ఎవరికీ లెక్కలేదు.

తల్లికి కుదరనప్పుడు తండ్రి చేయొచ్చని కేంద్రం 2014లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన పద్ధతి ఇది. ఇవన్నీ సిస్టర్‌తో వాదిస్తే లాభం లేదు. డాక్టర్ రౌండ్స్‌కి వచ్చినప్పుడు అడిగి, కేస్ షీట్‌లో రాయించుకోండి. నేను అదే చేశా. ఆ తర్వాత కర్టెన్ చాటున కుర్చీ దానంతటదే దొరికింది.

మొదటిసారి కట్టుకున్నప్పుడు ఊపిరి పీల్చాలన్నా టెన్షనే. కాసేపటికి చల్లటి పాదాలు వెచ్చబడ్డాయి, పిడికిలి సడలి నిద్రపోయింది. రాత్రి డ్యూటీ మొత్తం నాదే. ఆ వార్డులో నా అంతసేపు కూర్చున్నవాళ్లు లేరు, గొప్ప అనుకున్నా సరే. జీతం కోత పడింది. కేంద్ర ఉద్యోగులకైతే 15 రోజుల పితృత్వ సెలవు ఉంది, మా షాపులో ఆ మాటెత్తితే ఓనర్ నవ్వాడు.

వెళ్లేవాళ్లు ముందు గుండీలున్న చొక్కా వేసుకోండి, స్నానం చేసి వెళ్లండి, సెంటు కొట్టుకోవద్దు. లేకపోతే ఆ సిస్టర్‌కి అదో సాకు. ఇంట్లోనూ కొనసాగించమన్నారు. పొద్దున మా అత్తగారే గుడ్డ ఉతికి ఆరేసి, "మీ వంతు ఎప్పుడు?" అని అడిగారు.