రెండు ధైవతాలు

ప్రాక్టికల్ అంటే ఉత్సాహం, థియరీ పేపరంటే టెన్షన్. మన సంగీత పాఠశాలలో నా బ్యాచ్ అంతా అంతే. జడ్చర్ల నుంచి సాయంత్రం బస్సులో పాలమూరు చేరేసరికి నాకు కావాల్సింది తంబుర పక్కన కాస్త చోటు. శ్రుతులు 22 ఎందుకు, మేళకర్తలు 72 ఎందుకు అని వినే ఓపిక ఎక్కడిది?

ఒకరోజు ఆభేరి రాగంలో 'నగుమోము' పాడాను, రాముణ్ణి బతిమాలే త్యాగరాజ కీర్తన. బాగానే వచ్చిందనుకున్నా. సార్ మెచ్చుకోలేదు, తిట్టలేదు.

"ఏ ధైవతం పాడినవ్?" అన్నారు. ధైవతమంటే సరిగమపదనిలో 'ద'.

"మీరు నేర్పిందే సార్."

క్లాసంతా నవ్వింది. సార్ అల్మారాలోంచి ఒక జిరాక్సు కట్ట తీశారు. సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగులోనే అచ్చు వేయించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'. కుట్టు ఊడి, అంచులు నలిగిపోయాయి. అందులో ఆభేరి 20వ మేళం (మూల రాగం) కింద, శుద్ధ ధైవతంతో, అంటే కింది 'ద'తో ఉంది. ఇప్పుడు అందరం పాడేది చతుశ్రుతి ధైవతం, దాని పై 'ద'.

"గిది పెట్టి పాడు" అన్నారు. మూడుసార్లు స్వరాలు దిగే అవరోహణలోనే తప్పాను. గొంతు అలవాటైన చోటికే పోతోంది. నాలుగోసారి దొరికింది. ఆ ఒక్క స్వరం కిందికి దిగేసరికి, బతిమాలుతున్న మనిషి ఏడుస్తున్నట్టు అనిపించింది నాకు.

"ఇప్పుడు చెప్పుండ్రి. ఇది ఆ కీర్తనేనా, వేరేదా?"

నెల్సన్ గుడ్‌మన్ అనే అమెరికా తత్వవేత్త 1968లో ఒక పుస్తకం రాశాడు. స్వరలిపిలో ఉన్నదాంట్లో ఒక్క స్వరం తప్పినా అది ఆ రచనను పాడినట్టు కాదన్నాడు. సార్ అది చెప్పగానే వెనక వరుసలో అమ్మాయి, "అట్లయితే నేను ఇంతవరకు ఒక్క కీర్తన గూడ పాడలే సార్" అంది. ఈసారి సార్ కూడా నవ్వారు.

నేను మాత్రం ఊరుకోలేదు. మా ఊళ్లో పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగవాద్యం మీద పాలమూరు జానపద వీరుడు పండుగ సాయన్న కథ విన్నాను. లిపి లేదు, పాడిన ప్రతిసారీ మాటలు మారతాయి. అయినా అది సాయన్న కథ కాదని ఎవరన్నా అంటారా? 2022లో కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్యకు పద్మశ్రీ వచ్చినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఈ వాదనే.

ఆ రాత్రి అది తేలలేదు, నాకు ఆఖరి బస్సు పోయింది. పోయేటప్పుడు సార్ ఆ జిరాక్సు చేతిలో పెట్టి, చదివి తెమ్మన్నారు.

ఇంకా నా దగ్గరే ఉంది. ఆయనా అడగలేదు, నేనూ గుర్తు చేయలేదు.